రాక అంచనా

డాల్ఫిన్స్ నోస్ మీద సిగ్నల్ స్టేషన్లో
ఇరవై తొమ్మిదేళ్లుగా నా పని ఒకటే.
ఏ ఓడ, ఎక్కణ్ణించి, ఏ సరుకుతో, ఎప్పుడొస్తుందో
రిజిస్టర్లో ఎక్కించడం.
ఒక గడి రాక అంచనా, పక్కది అసలు రాక.
రెండూ ఒకటైన రోజు
టగ్గు నడిపే మైలపిల్లి దానయ్య వైర్‌లెస్‌లో నవ్వేవాడు
"గుమస్తా బాబూ, ఇయాల సముద్రం నిద్దరోతంది."

ఆ రిజిస్టర్ చివరి పేజీలో, ఎవరూ తిప్పని చోట,
ఒక తోకచుక్క ఉంది.
సరుకు: మంచు, మసి, కొంత ధూళి.
ఏజెంటు లేడు. బెర్తు అడగదు.
ఆరున్నరేళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టి పోతుంది.
ఆ అర ఉందే, అదే తిరకాసు.
ఒక రాకకి మనం ఇవతల ఉంటాం,
మరుసటి రాకకి సూర్యుడు అడ్డం.
పదమూడేళ్లకోసారి గాని నాకు దొరకదు.

మొదటిసారి, ఉద్యోగంలో చేరిన కొత్తలో,
ఓడల కోసం ఇచ్చిన దుర్భిణిలోనే చూశాను.
తెల్లారగట్ల నాలుగింటికి,
బయట లంగరేసిన ఓడల దీపాలకి జానెడు పైన
పలక మీద తడివేలితో తుడిచిన మరక.
తోక లేదు. ఉంటుందని ఎవరన్నా చెబితే నమ్మకండి.
నా లెక్కకి ఒక రోజు ఆలస్యంగా ఉంది.

టీ కోసం కొండెక్కిన దానయ్యకి చూపించాను.
ఒకప్పుడు ఇది ఇంత దగ్గరకొచ్చేది కాదు,
అంగారకుడి అవతలే తిరిగిపోయేది,
గురుగ్రహం పక్కనించి పోతూ దారి మార్చేసింది అన్నాను.
"తాకిందా?"
తాకలేదు.
"తాకక్కర్లేదు బాబూ. లోపలి హార్బరు కాలవలో
బొగ్గు ఓడ పక్కనించెల్తే నా టగ్గు మూతి దానికదే తిరిగిపోద్ది.
సుక్కాని నా సేతిలోనే ఉంటాది. అయినా తిరిగిపోద్ది."

మరి ఆలస్యమో,
అది ఇంకొకరు చేసింది కాదు.
ఎండ తగిలిన వైపు మంచు ఆవిరై చిమ్ముతుంది,
ఆ ఊపిరే దాన్ని ముందుకు తోస్తుంది,
ముందుకు తోస్తే దారి పెద్దదవుతుంది,
దారి పెద్దదైతే రాక వెనకబడుతుంది.
దానయ్య బీడీ ఆర్పి, చాలాసేపు ఊరుకుని,
"తొందరపడితే ఆలస్యమా!" అన్నాడు.
వాళ్ల ఇంట్లో అప్పుడేం జరుగుతోందో నేనడగలేదు.

రెండోసారికి టగ్గులు కంపెనీ చేతికి పోయాయి.
దానయ్య గంగవరం రేవుకి మారాడు,
యారాడ కొండకి అటు. పట్టుమని పది మైళ్లు లేదు.
వైర్‌లెస్ చానెల్ మాత్రం వేరు.
చూశాను, అని రాసుకున్నాను. ఇంకేం రాయలేదు.

ఇవాళ మూడోసారి.
ఇప్పుడు ఓడలన్నీ తెరమీద చిన్న త్రికోణాలు,
వేగం, దిశ, పేరు, అన్నీ అవే చెప్పేసుకుంటాయి.
రిజిస్టరు బీరువా మీదికెక్కింది.
మూడేళ్ల తర్వాత, నేను ఈ కొండ దిగిపోయే ఏడే,
అది మళ్లీ గురుడి పక్కనించి పోతుంది.
ఆ తర్వాత ఎనిమిదేళ్లో, పదకొండో;
ఎంత దగ్గరగా పోతుందన్న దాంట్లో వెంట్రుకవాసి తేడా వస్తే
అంచనా ఏళ్లకేళ్లు విడిపోతోంది.
నాలుగుసార్లు కట్టాను. నాలుగు జవాబులు.
పెన్సిల్‌తో ఒకటి వేసి, చెరిపేసి, గడి ఖాళీగా ఉంచాను.

కొత్తగా చేరిన ప్రిసిల్లా రాత్రి డ్యూటీలో ఉంది.
తెరలో ఎక్కడుంది సార్, అని అడిగింది.
తెరలో లేదమ్మా, అని దుర్భిణి చేతికిచ్చాను.
మంచు మసక. రేవు మీద బొగ్గు పొడి.
రుషికొండ వైపు ఆకాశమంతా హోటళ్ల వెలుగు.
సముద్రం మీద మాత్రం కాస్త చీకటి మిగిలింది.
ఆమె అటూ ఇటూ తిప్పి, ఆగి,
"అద్దం మీద మరకుంది సార్" అంటూ
చున్నీ కొస అందుకుంది.

తుడవకు, అన్నాను.

నాలుగూ పది.
అసలు రాక గడిలో వేళ వేస్తుంటే
చానెల్లో ఎవరో కెప్టెన్, లోపలికి రావచ్చా అంటున్నాడు.
ఒక్క నిమిషం ఆగమన్నాను.